సర్వర్లకు పదకొండు ఏప్రాన్లు

మార్చి 4

అక్కా,

నీ చెవి ఫోన్‌తో తగువు పెట్టుకున్నాక మనిద్దరికీ మళ్ళీ కాగితమే గతి అయింది. బావని మధ్యలో కూర్చోబెట్టి మాట్లాడదామంటే నేను చెప్పింది సగం, ఆయన కల్పించింది సగం నీకు చేరుతుంది. అందుకే కలం పట్టాను. చేతిరాత చూసి నవ్వకు. ఇన్నేళ్ళు ప్రెస్సులో ఊరందరి అచ్చుతప్పులూ దిద్దిన చెయ్యి సొంతంగా రాయడం మరిచిపోయింది.

గది దొరికింది. రెండో అంతస్తు. కిటికీ తీస్తే ఎదురింటి గోడ, గోడ మీద నీళ్ళ గొట్టం, గొట్టం మీద ఒక పావురం. అది నన్ను అద్దెకొచ్చిన మనిషిని చూసినట్టే చూస్తుంది. ఆఫీసుకి నడిచి వెళ్ళొచ్చు.

ఇక ఉద్యోగం సంగతి. మా ఆఫీసు ఒక క్లినిక్ వెబ్‌సైట్ నడుపుతుంది. తెర మీద కనిపించే రంగులూ బొమ్మలూ వేరేవాళ్ళ పని. మాది వెనక పక్క, సర్వర్ పని. ఎవరైనా డాక్టరుగారిని కలవాలని అడిగితే, సర్వర్ ఆ మాట అందుకుని, ఖాళీ ఉందో లేదో చూసి జవాబివ్వాలి. ఏం చెయ్యాలో, ఎలా చెయ్యాలో సర్వర్‌కి మేం చెప్పాలి. అదంతా క్లాసులుగా జరుగుతుంది. క్లాసంటే ఏమిటో నీకు వివరంగా రాద్దామనుకున్నాను గానీ, నిజం చెప్పొద్దూ, నాకే ఇంకా మింగుడుపడలేదు. కోర్సులో చెప్పినప్పుడు అందరితోపాటు తలాడించాను. పూర్తిగా అర్థమైన రోజున రాస్తాను.

మా పెద్దసారు మంచివారే, కాకపోతే ముక్కుసూటి మనిషి. మొదటి రోజే చెప్పేశారు. "జూన్ దాకా చూస్తానమ్మా. అప్పటికి ఆ క్లినిక్ క్లాసులన్నీ ఒక పద్ధతికి రావాలి. కొత్తగా చేరేవాళ్ళ ముందు మీరే నిలబడి వివరించాలి. వాళ్ళకి అర్థమైతే ఉద్యోగం మీదే" అన్నారు. అర్థం కాకపోతే ఏమిటో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. నిలబడి చెప్పడం అనగానే నాకు బడి రోజులు గుర్తొచ్చాయి. బళ్ళో పద్యం అప్పజెప్పమంటే నాకు కడుపునొప్పి వచ్చేది, నువ్వొచ్చి ఇంటికి తీసుకెళ్ళేదానివి, గుర్తుందా?

ఈ వయసులో కొత్త విద్య అంటే అందరూ నవ్వారు, నువ్వు తప్ప. ఇది గనక పోతే ఇంకోటి దొరకదు. కుదరకపోతే వచ్చి నీ కుట్టు క్లాసులో కూర్చుంటాను. కిటికీ పక్క మిషన్ ఎవరికీ ఇవ్వకు.

నీ పిట్ట

*

మార్చి 15

పిట్టా,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను, మూడోసారి మీ బావ చదివి వినిపించాడు. నాకు వినపడలేదు. అయినా ఆయన పెదాలు కదులుతుంటే ఆయన ముచ్చట ఆయనది అని ఊరుకున్నాను.

సర్వర్ అంటే ఎవరో ఆయనే విడమరిచి చెప్పాడు. డిపోలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ పొద్దున్నే వాళ్ళ ముఖమే చూశాడట. పాపం, కష్టమైన పనే. అడిగినవాళ్ళకి అడిగింది తెచ్చివ్వాలి, ఒకేసారి పదిమంది అడిగినా విసుక్కోకూడదు, కాస్త ఆలస్యమైతే మాట పడాలి. అలాంటివాళ్ళ కోసం క్లాసులు నడుపుతున్నావంటే నాకు గర్వంగా ఉంది. నువ్వు చెప్తే వింటారా? గట్టిగా చెప్పు. నీ గొంతు నీకే వినపడదు, అదే నీతో వచ్చిన చిక్కు.

నా దగ్గర నేర్చుకునేవాళ్ళు ఇప్పుడు నలుగురే. చెవి ఇలా అయ్యాక వాళ్ళు అడిగేది నాకు వినపడక, నేను చెప్పేది వాళ్ళు అడిగింది కాక, ముందుగది అంతా నవ్వులే. చేత్తో చూపిస్తే మాత్రం చక్కగా పట్టుకుంటున్నారు. ఒకామె నిన్న చంక దగ్గర తిరగేసి కత్తిరించింది. గుడ్డ పోయింది. ఏడ్చింది. పోయింది గుడ్డే కదమ్మా అని టీ ఇచ్చాను.

నీకో మాట. మొదట్లోనే అన్నీ ఒకే క్లాసులో కుక్కేయకు. నేనూ అదే చేసేదాన్ని. ఒక క్లాసులో ఒక్కటే చెప్పు. మెడ అంటే మెడ, చెయ్యి అంటే చెయ్యి.

కిటికీ పక్క మిషన్‌కి నూనె వేసి గుడ్డ కప్పాను. ఎవరికీ ఇవ్వను. అలాగని ఇక్కడికి రావడానికి సాకు వెతక్కు.

మీ బావ నీకు ఆశీస్సులు చెప్పమన్నాడు. ఇంకా చాలా చెప్పాడు, అవి నాకు వినపడలేదు.

అక్క

*

మార్చి 29

అక్కా,

బావ సర్వర్ గురించి అంత బాగా చెప్పాడా! నిజంగా అదే దాని పని. అడిగింది తెచ్చివ్వడమే. మా ఆఫీసులో ఎవరూ నాకు ఇంత తేలిగ్గా చెప్పలేదు. ఆయన్ని ఇకమీదట ఏమీ అనను.

నీ సలహా చదివి నవ్వొచ్చింది. ఒక క్లాసుకి ఒక్కటే పని ఉండాలని పెద్దసారు కూడా అదే రోజు అన్నారు. మీరిద్దరూ కూడబలుక్కున్నారా ఏమిటి? నేను రాసిన మొదటి క్లాసు ఆయనకి చూపించాను. రోగి పేరు రాసుకునేదీ అదే, వేళ చూసేదీ అదే, డాక్టరుగారు రారని కబురు పంపేదీ అదే. "ఇది క్లాసు కాదమ్మా, సంత" అన్నారు. ఆ రోజు నుంచీ విడగొట్టడం మొదలుపెట్టాను. ఇప్పుడు నా చేతికింద చాలా క్లాసులున్నాయి. వాటిలో ఒక క్లాసుకి ఇద్దరు పిల్లలు. తల్లికి ఉన్నదంతా ఆ పిల్లలకి దానంతటదే వచ్చేస్తుంది. ముద్దుగా ఉంటుంది చూడ్డానికి. మిగతావాటికి ఇంకా పిల్లల్లేరు. కొంత ప్రైవేటుగా ఉంచాలి, బయటివాళ్ళెవరూ చెయ్యి పెట్టకుండా. ఏది ప్రైవేటో ఏది కాదో నాకు తేలడం లేదు.

అచ్చుతప్పులు మాత్రం నా కంట్లోంచి తప్పించుకోలేవు. ఒక చుక్క తగ్గినా, ఒక బ్రాకెట్ మూయకపోయినా చటుక్కున పట్టేస్తాను. పక్క సీటమ్మాయి "మీకు కళ్ళలో భూతద్దం ఉందా?" అంటుంది. కానీ అక్కా, తప్పుల్లేకుండా రాయడం వేరు, పద్ధతిగా అమర్చడం వేరు. ప్రెస్సులో పుస్తకం ఎవరో అమర్చి తెచ్చేవారు, నేను దిద్దేదాన్ని. ఇక్కడ అమర్చాల్సింది నేనే.

పావురం గుడ్లు పెట్టింది. నన్నిప్పుడు అస్సలు లెక్కచెయ్యడం లేదు.

పిట్ట

*

ఏప్రిల్ 9

పిట్టా,

నీ ఉత్తరం చదివాక నాకు అన్నం సహించలేదు. ఒక క్లాసుకి ఇద్దరే పిల్లలా? మిగతావాటికి అసలు లేరా? మరి ఎవరికి చెప్తున్నావే, గోడలకా? పిల్లలు లేని క్లాసు నడిపించి నిన్ను జూన్‌లో పరీక్ష పెట్టడం ఏం న్యాయం? మీ పెద్దసారుకి ఈ మాట తట్టలేదా? ఆ ఇద్దరూ కూడా తల్లితో కలిసి వస్తున్నారంటే పాపం ఇంట్లో వదిలిరావడానికి దిక్కులేని మనిషై ఉంటుంది. ఆమెని మాత్రం ఏమీ అనకు.

ఇంకోటి. ప్రైవేటు చెప్పడం మన ఇంటావంటా లేదు. నా దగ్గర చాలామంది అడిగారు, విడిగా ఇంటికొచ్చి చెప్పమని. నేను ఒప్పుకోలేదు. నేర్పేది ఏదో అందరికీ ఒకేచోట నేర్పు. ప్రైవేటు మొదలుపెడితే అసలు క్లాసులో ఎవరూ మిగలరు.

నిలబడి చెప్పడం గురించి భయపడుతున్నావని నాకు తెలుసు. నా మాట విను. చెప్పేటప్పుడు చేతులకి ఏదో ఒక పని పెట్టుకో. నేను మొదటి రోజు నలుగురి ముందు నిలబడినప్పుడు వణుకు కనపడకుండా కత్తెర పట్టుకున్నాను. కత్తెర కూడా వణికింది, అది వేరే సంగతి.

ఈ మధ్య మీ బావ స్నేహితుడు ఒక తాను గుడ్డ ఇచ్చాడు. ఒకటి కాదు, రకరకాల రంగుల ముక్కలు. మిల్లులో మిగిలినవట. గట్టి గుడ్డ, ఉతికినా చెక్కుచెదరదు. నాకో ఆలోచన వచ్చింది, ఇప్పుడే చెప్పను. నువ్వు మాత్రం వెంటనే రెండు సంగతులు రాయి. మొత్తం ఎన్ని క్లాసులు? కొలతలు పంపుతావా?

అక్క

*

మే 2

అక్కా,

ఆలస్యానికి తిట్టకు. ఇక్కడ తల ప్రాణం తోకకొచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం సర్వర్ పడిపోయింది. నా వల్లే. అరగంట దాకా లేవలేదు. ఎవరేం అడిగినా పలకదు, ఉలకదు. క్లినిక్ వాళ్ళు అగ్గిమీద గుగ్గిలమై ఫోన్ల మీద ఫోన్లు. చివరికి పక్క సీటమ్మాయి వచ్చి లేపింది. ఏమైందో తెలుసా? డాక్టరుగారిని కలవడానికి వచ్చేవాళ్ళ కోసం నేను పొద్దుటికి ఒక క్లాసు, మధ్యాహ్నానికి ఒక క్లాసు, సాయంత్రానికి ఒక క్లాసు పెట్టాను. ఒక తప్పు కనిపిస్తే పొద్దుటి క్లాసులో సరిచేశాను, మధ్యాహ్నం క్లాసులో సరిచేశాను, సాయంత్రం క్లాసు సంగతి మరిచిపోయాను. అక్కడే దెబ్బ తగిలింది. రాను అని కబురు చేసేవాళ్ళకి కూడా అలాగే మూడు. అన్నీ కలిపి పదకొండు క్లాసులయ్యాయి. ఏ ఒక్కదాన్ని కదిపినా ఇంకోటి కూలుతుందేమోనని భయం.

పెద్దసారు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "జూన్ పదిహేడున కొత్తవాళ్ళు వస్తారు. వాళ్ళు ఈ పదకొండూ చూసి బెదిరిపోకూడదు" అని వెళ్ళిపోయారు. అంటే నాకు అర్థమైంది. పద్ధతికి తేలేకపోతే నా సీటు ఆ కొత్తవాళ్ళలో ఒకరిది. అక్కా, నాకీ పని పోగొట్టుకోవాలని లేదు. రాకరాక వచ్చింది. రాత్రి పడుకుంటే కళ్ళ ముందు బ్రాకెట్లు తిరుగుతున్నాయి, అయినా పొద్దున్నే లేచి వెళ్ళాలని ఉంటుంది. ప్రెస్సులో ఎప్పుడూ ఇలా లేదు.

గోడలకి చెప్తున్నావా అని నువ్వు వేళాకోళం చేశావు గానీ, నిజంగా అలాగే ఉంది. ప్రైవేటు సంగతి నువ్వన్నది నాకు సరిగ్గా అందలేదు, తర్వాత మాట్లాడుకుందాం.

కొలతలు మళ్ళీ ఎందుకక్కా? నా కొలతకి నువ్వు కత్తిరించి పెట్టుకున్న పేపర్ కటింగ్ నీ గోడకి వేలాడుతోందిగా, దాంతోనే కానివ్వు. ఏం కుట్టినా రంగు ముదురుగా ఉండేలా చూడు.

పిట్ట

*

మే 12

పిట్టా,

ముందు ఆ పిల్ల ఎలా ఉందో రాయి. అరగంట లేవలేదంటే మాటలా? పొద్దుటినుంచీ ఏమీ తినకుండా నిలబడి ఉంటుంది. నీ వల్లే అని నువ్వు కుమిలిపోకు, కానీ క్లాసు మధ్యలో అందరికీ మంచినీళ్ళు ఇవ్వడం అలవాటు చెయ్యి.

పదకొండు క్లాసులా! నీ శరీరం ఉక్కుతో చేశారనుకున్నాడా ఆ పెద్దమనిషి? నేను నా నిండు ఓపిక రోజుల్లో కూడా మూడు దాటలేదు. మీ బావ ఆవేశపడి నేనే వచ్చి మాట్లాడతానన్నాడు. వద్దన్నాను. ఈయన మాట్లాడితే ఉన్న సీటు కూడా పోతుంది.

నేను మెత్తగా చెయ్యాల్సింది చేశాను. నిన్ననే ఆఫీసు చిరునామాకి పార్సెల్ వెళ్ళింది. క్లాసుకి ఒకటి చొప్పున ఉన్నాయి. పైన మీ పెద్దసారుకి నాలుగు ముక్కలు మర్యాదగా రాశాను. నువ్వు కంగారుపడకు. పెద్దవాళ్ళు చెప్తే ఎవరైనా వింటారు.

అక్క

*

మే 23

అక్కా,

సర్వర్ అంటే మనిషి కాదు. అది ఒక యంత్రం. గాలి గిరగిరా తిప్పుకుంటూ చల్లటి గదిలో కూర్చునే యంత్రం. దానికి ఆకలి వెయ్యదు, కళ్ళు తిరగవు, ఏప్రాన్ అక్కర్లేదు.

పార్సెల్ వచ్చినప్పుడు అందరూ ఉన్నారు. చిరునామా ఆఫీసుదని పెద్దసారే కుట్లు విప్పించారు. ఒక్కొక్కటీ బయటికి తీశారు. ఎర్రది, నీలంది, ఆకుపచ్చది, ఆవపువ్వు రంగుది. పదకొండు ఏప్రాన్లు. కొన్నిటికి జేబులు కూడా. తర్వాత నీ కాగితం. ఆయన పైకే చదివారు. "అయ్యా, మా చెల్లి పనిమంతురాలు గానీ భయస్తురాలు. నలుగురిలో నోరు పెగలదు. పదకొండు క్లాసులు ఒక్క మనిషికి ఎక్కువ. పొద్దుట ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి ఎందుకు? చెప్పేది ఒకటే అయినప్పుడు మూడూ కలిపి ఒక్కటి చేయించండి. పిల్లలు లేని క్లాసులు మూసేయించండి. సర్వర్లకు ఇవి నా తరఫున."

నవ్వారక్కా. ఇల్లెగిరిపోయేలా నవ్వారు. పక్క సీటమ్మాయి నవ్వి నవ్వి కుర్చీలోంచి జారింది. నేను మెట్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. నాకు భయమని ఈ మూడు నెలలూ ఎవరికీ తెలియకుండా నెట్టుకొచ్చాను. నువ్వు ఒక్క కాగితంతో దాన్ని బజారున పెట్టావు. ఇంకో మూడు వారాల్లో వాళ్ళ ముందే నిలబడాలి. నేను నోరు తెరవగానే అందరికీ నీ ఉత్తరమే గుర్తొస్తుంది.

నీకు కోపం వస్తే రానీ. నాకు వచ్చింది, రాసేశాను. నువ్వు ప్రేమతోనే చేశావని తెలుసు, అందుకే ఇంకా కోపం.

సాయంత్రం పెద్దసారు ఆ కాగితం నా బల్ల మీద పెట్టి వెళ్ళారు. 'మూడూ కలిపి ఒక్కటి' అన్నచోట పెన్సిల్‌తో గీత గీశారు. ఎగతాళికో ఎందుకో, అడగడానికి నాకు ముఖం చెల్లలేదు. మిషన్ మీద గుడ్డ తీసి ఉంచు.

పిట్ట

*

మే 30

పిట్టా,

నీ ఉత్తరం బావకి చూపించాను. చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని, "యంత్రానికి సర్వర్ అని పేరు పెట్టడం వాళ్ళ తప్పు" అన్నాడు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన గమనించలేదు. నాకు వినపడదు కాబట్టి మాట్లాడడం లేదనుకున్నాడట.

నిన్ను నలుగురిలో తలదించుకునేలా చేశాను. బాధగా ఉంది. ఆ కాగితం రాసేటప్పుడు నాకు నువ్వు బళ్ళో గుమ్మం దగ్గర కడుపు పట్టుకుని నిలబడిన పిల్లలాగే కనిపించావు. ఇంటికి తీసుకొచ్చేస్తే సరిపోతుందనుకున్నాను.

ఒక సంగతి మాత్రం నన్ను తొలిచేస్తోంది. పడిపోయిన పిల్ల లేదు, ఇద్దరు పిల్లల తల్లి లేదు, ప్రైవేటు లేదు. మరి ఆ క్లాసుల్లో ఎవరున్నట్టు? మనుషులే లేని క్లాసు ఏం క్లాసే? అర్థమయ్యాక రాస్తానన్నావు, రాయలేదు. ఇప్పుడు రాయి. నువ్వు రాయకపోతే బావ చెప్తానంటున్నాడు. ఆపైన నీ ఇష్టం.

మిషన్ మీద గుడ్డ తియ్యలేదు. జూన్ పదిహేడు ఇంకా రాలేదు.

అక్క

*

జూన్ 20

అక్కా,

ఉంటున్నాను. ముందు ఆ మాట రాసేస్తే నీ మనసు కుదుటపడుతుంది. ఉద్యోగం నాదే. ఇక మొదటినుంచీ చదువు.

నీ మీద కోపంతో రెండు రోజులు ఆ కాగితం చూడలేదు. మూడో రోజు, పెన్సిల్ గీత ఎందుకు గీశారో తేల్చుకుందామని చదివాను. ఎన్నో ఏళ్ళు పుస్తకాలు దిద్దిన దాన్ని, నా కళ్ళ ముందున్నది నాకు కనపడలేదు. పొద్దుటి క్లాసూ, మధ్యాహ్నం క్లాసూ, సాయంత్రం క్లాసూ మూడూ అక్షరం తేడా లేకుండా ఒకటే. వేళ ఒక్కటే వేరు. నువ్వు మనుషుల గురించి రాసిందే నా కోడ్‌కి అతికినట్టు సరిపోయింది. మూడూ కలిపి ఒకటి చేశాను. ఇంకో మూడు కలిపి ఇంకొకటి. పదకొండు కాస్తా ఏడయ్యాయి. పెద్దసారు చూసి, "మీ అక్కగారికి ఉద్యోగం కావాలేమో కనుక్కోండి" అన్నారు. పిల్లలు లేని క్లాసులు మూసేయమన్న సలహా మాత్రం పాటించలేదు, ఏమీ అనుకోకు.

ఇప్పుడు క్లాసంటే ఏమిటో చెప్తాను. బావకి నేను చెప్పానని చెప్పు. నీ గోడకి వేలాడే పేపర్ కటింగే క్లాసు. ఆ కాగితాన్ని ఎవరూ తొడుక్కోరు. దాన్ని గుడ్డ మీద పెట్టి కత్తిరిస్తే వచ్చేదాన్ని తొడుక్కుంటారు. ఒక్క కాగితంతో ఎన్నయినా కత్తిరించొచ్చు. ఎర్ర ఏప్రాన్‌కి మరక పడితే నీలంది మాసిపోదు, దేనికదే. నేను చేసిందేమిటంటే, రంగు మారిన ప్రతిసారీ కొత్త కాగితం గీశాను. నువ్వలా చేస్తే నీ గోడ చాలదు. ఇక జేబు ఉన్న ఏప్రాన్ అంటావా, దానికి మొదటి కాగితమే ఆధారం, జేబు ఒక్కటి అదనం. అదే పిల్ల క్లాసు. తల్లి కాగితంలో మెడ కాస్త దింపితే, ఇకమీదట జేబు ఏప్రాన్లకీ మెడ దిగుతుంది. లోపలి మడత కుట్టు ఉందే, అది ప్రైవేటు. తొడుక్కునేవాళ్ళకి దాంతో పనిలేదు.

ఈ మాటలే జూన్ పదిహేడున ఆరుగురు కొత్తవాళ్ళకి చెప్పాను. ఎలా చెప్పానో విను. గదిలోకి వెళ్ళేముందు చేతులకి ఏదో ఒక పని పెట్టుకోమన్న నీ మాట గుర్తొచ్చింది. నా బల్ల కింద పార్సెల్ అలాగే ఉంది. జేబున్న నీలం ఏప్రాన్ తీసి తొడుక్కుని, రెండు చేతులూ జేబులో పెట్టుకున్నాను. వణుకు జేబులోనే ఉండిపోయింది. మిగతా పదీ బల్ల మీద పరిచాను. పాత క్యాలెండర్ వెనక గీసి కత్తిరించిన కాగితం గోడకి అంటించాను. నవ్వుతారని తెలుసు. నవ్వారు. కానీ ఆ నవ్వు వేరేలా ఉంది, నాకు దారిచ్చినట్టు.

సగంలో ఒకతను లేచి, "గోడ మీది కాగితం ఇప్పుడు మారిస్తే, ముందే కుట్టినవి మారతాయా?" అని అడిగాడు. నేను చేతులు జేబులోంచి తీసి, ఎర్ర ఏప్రాన్ పైకెత్తి, "కుట్టేసినవి కుట్టినట్టే ఉంటాయి, ఇకముందు కత్తిరించేవే మారతాయి" అన్నాను. అన్నాక తెలిసింది, వెనక వరస దాకా వినపడేలా అన్నానని. ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానం వచ్చింది. అది నీ గొంతు అక్కా, ముందుగదిలో నువ్వు చెప్పేటప్పటి గొంతు.

చివర్లో అందరూ తలా ఒకటి తొడుక్కుని చూశారు. పెద్దసారుకి వెనక తాళ్ళు అందలేదు. పక్క సీటమ్మాయి అందులో మునిగిపోయింది. కొత్తవాళ్ళలో ఒక్కరికీ సరిపోలేదు. నాకు మాత్రం నీలంది భుజాల దగ్గర గీసినట్టు ఎలా కుదిరిందో! ఆఫీసు కుర్చీ వెనక తగిలించుకున్నాను.

నీ మీద కోప్పడినందుకు ఈ ఉత్తరమే క్షమాపణ. మిషన్ మీద గుడ్డ తియ్యక్కర్లేదు. పావురం పిల్లలు ఎగిరిపోయాయి. అది మాత్రం ఇంకా గొట్టం మీదే ఉంది.

నీ పిట్ట

*

జూన్ 29

పిట్టా,

ఉంటున్నాను అన్న మాట చదివి కాగితం కింద పెట్టి, టీ పెట్టుకుని తాగి, తర్వాత మిగతాది చదివాను. నిజం చెప్పనా? సంతోషం ముందొచ్చింది. దాని వెనకే కొంచెం దిగులు కూడా వచ్చింది. నువ్వు వస్తే ఈ ముందుగది నిండుతుందని ఒక మూల ఆశ ఉండేది. దాన్ని నీకు ఎప్పుడూ చూపించలేదు, ఇప్పుడు పోయింది కాబట్టి చెప్తున్నాను.

క్లాసంటే ఏమిటో అర్థమైంది. మా నలుగురికీ చెప్పాను. చంక తిరగేసి కత్తిరించిన ఆమె, "అయితే మనం కూడా కంప్యూటరు పనే చేస్తున్నామా అమ్మా?" అంది, లేదంటే నేను అలా విన్నాను. మీ బావ మాత్రం నువ్వు రాసింది మొదటినుంచీ తనకి తెలుసంటున్నాడు.

నిన్న ఐదో మనిషి చేరింది. కొత్తగా నేర్చుకోవాలట, చూస్తే నీ వయసే, గుమ్మం దగ్గర నిలబడి లోపలికి రాలేకపోయింది. కిటికీ పక్క మిషన్ మీద గుడ్డ తీసి ఆమెకి ఇచ్చాను. నువ్వేమీ అనుకోవని తెలుసు.

ఇక ఆ ఏప్రాన్లు. నీకు ఎలా కుదిరిందో అని ఆశ్చర్యపోయావు. పిచ్చిమొహమా, కొలతలు పంపమంటే నువ్వేం రాశావు? నా పేపర్ కటింగ్ గోడకి ఉందిగా, దాంతోనే కానివ్వమన్నావు. సర్వర్లందరికీ నీ కొలతేమిటని నాకూ అనిపించింది. కానీ ఊరూపేరూ తెలియనివాళ్ళకి ఎలా కత్తిరించను? కళ్ళు మూసుకుని గీయగలిగిన కొలత నాకు అదొక్కటే. పదకొండూ నీ కొలతే. ఒకటి తొడుక్కున్నావు, ఇంకా పది ఉన్నాయి.

ఇంకో సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు. నా దగ్గరికి కొత్తగా ఎవరొచ్చినా మొదటి రోజు చేతికిచ్చేది గోడ మీది ఆ కాగితమే. ఇన్నేళ్ళలో ఎంతమంది వచ్చారో, అందరూ మొదట కత్తిరించడం నేర్చుకున్నది నీ భుజాలే. నిన్న వచ్చినామెకీ అదే ఇచ్చాను. చెయ్యి వణికింది. భయపడకమ్మా, ఈ మనిషి కూడా మొదట్లో ఇలాగే వణికేది అని చెప్పాను.

అక్క